శనివారం దాకా ఆగని చదువు

2022వ సంవత్సరం. దసరా సెలవులు ముగిశాక నన్ను మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర నుంచి భూపాలపల్లి జిల్లా చిట్యాలకు మార్చారు. మాది జనగామ. వారమంతా చిట్యాలలో ఒక అద్దె గదిలో ఉండి, ఆదివారం ఇంటికి వెళ్లి వచ్చేదాన్ని.

నేను రిసోర్స్ టీచర్‌ని. చూపు, వినికిడి, నడక, ఎదుగుదల వంటి వాటిలో ఇబ్బంది ఉన్న పిల్లలకు చదువు అందేలా చూడడం మా పని. బడికి రాగలిగిన పిల్లలకు బడిలోనే సాయం చేస్తాం. రాలేని పిల్లల ఇళ్లకు మేమే వెళ్తాం. దాన్ని హోమ్ బేస్డ్ ఎడ్యుకేషన్ అంటారు. పేరు ఘనంగా ఉంటుంది కానీ, ఒక్కో బిడ్డకు దక్కేది వారానికి ఒక పూట. ఆ పూట గడిచాక మిగిలిన వారమంతా ఆ బిడ్డ, ఆ నాలుగు గోడలు. ఇరవై ఏళ్లకు పైగా ఈ పని చేస్తున్నాను. ఎంతోమంది పిల్లలు గుర్తున్నారు. అయితే చదువంటే ఏమిటో నాకు మళ్లీ మొదటి నుంచి చూపించిన బిడ్డ రజిత.

ఆ ఏడాది ఎనిమిదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో రజితకు మెదడు జ్వరం వచ్చింది. వరంగల్‌లో పెద్ద దవాఖానలో చాలా రోజులు ఉంచారు. ప్రాణం నిలిచింది, చూపు పోయింది. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం ఎండిపోయిందనీ, ఇక తిరిగి రాదనీ డాక్టర్లు చెప్పి పంపించారు. దాన్ని ఆప్టిక్ అట్రోఫీ అంటారు.

వాళ్లది చిట్యాల మండలంలో ఒక చిన్న ఊరు. తండ్రి నర్సయ్య ఒకరి ట్రాక్టర్ నడిపేవాడు. తల్లి రమ కూలికి పోయేది. పగలు ఇంట్లో ఉండేది రజిత, ఆమె నాయనమ్మ సారవ్వ. నేను మొదటిసారి వెళ్లిన శనివారం పత్తి ఏరే కాలం. రమ ఆ రోజు నాకోసం కూలి మానుకుని ఇంట్లో ఉంది. నేను వెళ్లేసరికి కూతురికి అన్నం కలిపి ముద్దలు నోట్లో పెడుతోంది. పద్నాలుగేళ్ల పిల్ల తల వంచుకుని తింటోంది. చూపు పోయినప్పటి నుంచీ అలాగే తింటోందని, చేతికిస్తే కింద పోసుకుంటుందని రమ చెప్పింది.

నేను పలక, పుస్తకం ఏవీ బయటికి తీయలేదు. ఆ పళ్లెం అడిగి తీసుకున్నాను. పళ్లెం గడియారం అనుకొమ్మని రజితకు చెప్పాను. అన్నం ఆరు గంటల దగ్గర, పప్పు తొమ్మిది దగ్గర, వంకాయ కూర మూడు దగ్గర. మా పనిలో దీన్ని క్లాక్ మెథడ్ అంటాం. చూపు లేనివాళ్లకు దిక్కు చెప్పడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. రజిత కాసేపు పళ్లెం అంచు తడిమింది. తర్వాత తన చేత్తో కలుపుకుని, ఒక్క మెతుకు కింద పడకుండా తిన్నది. తిన్నాక ఒక్కటే మాట అడిగింది.

“పన్నెండు కాడ ఏం లేదా మేడం?”

రమ నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. లోపలికి వెళ్లి మామిడికాయ తొక్కు తెచ్చి పళ్లెంలో పైవైపున పెట్టింది.

ఆ చలికాలమంతా బ్రెయిలీ నేర్పాను. బ్రెయిలీ ఆరు చుక్కల లిపి. స్లేట్ అనే చట్రంలో మందపాటి కాగితం పెట్టి, స్టైలస్ అనే చిన్న మొనతో కుడి నుంచి ఎడమకు పొడుస్తూ రాయాలి. కాగితం తిప్పితే చుక్కలు పైకి లేస్తాయి. వాటిని వేలితో ఎడమ నుంచి కుడికి చదవాలి. రాసేది ఒక దిక్కు, చదివేది ఇంకో దిక్కు. చాలామంది పిల్లలు అక్కడే చిక్కుకుంటారు. రజిత త్వరగానే పట్టుకుంది. ఎడమ చేతి చూపుడు వేలితో చదివేది. పత్తికాయ డొప్పలు గీరుకుంటే వేలి స్పర్శ పాడవుతుందని, ఇంట్లో పత్తి పోసి ఉన్నన్నాళ్లూ ఆ వేలికి గుడ్డపేలిక చుట్టుకుని తిరిగేది. అది ఎవరూ చెప్పలేదు, తానే అనుకుంది.

అయినా చదువు కదల్లేదు. నేను వెళ్లిన పూట బాగా చదివేది. మళ్లీ శనివారం వెళ్తే, నేను ఎక్కడ వదిలానో అక్కడే ఉండేది. తొమ్మిదో తరగతి పాఠాలు నేనే చదివి రికార్డు చేసి వాళ్ల ఫోన్‌లో వేశాను. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. నర్సయ్య పొద్దున్నే ట్రాక్టర్ మీద తీసుకుపోతాడు, పొద్దుగూకాక తెస్తాడు. ఆ మధ్యలో ఏం చేశావని అడిగితే, రజిత దాపరికం లేకుండా చెప్పింది.

“ఆదివారం ఒక లెక్క కాడ ఆగిపోయిన మేడం. మీరు వస్తరు గదా అని కూసున్న.”

ఆదివారం ఆగిన పిల్ల శనివారం దాకా అలాగే కూర్చుంది. తప్పు ఆమెది కాదు. బడిలో మనమందరం అలాగే అలవాటు చేస్తాం. తెలియనిది ఎదురైతే చేయి ఎత్తు, టీచరు వస్తుంది. చేయి ఎత్తితే చూసేవాళ్లే లేని ఇంట్లో ఏం చేయాలో ఆ బిడ్డకు ఎవరూ చెప్పలేదు. ఎలా చెప్పాలో నాకూ స్పష్టంగా తెలియదు.

మరుసటి వానాకాలం చాలా గట్టిగా వచ్చింది. వాగులు పొంగి ఆ ఊరి దారి తెగింది, బస్సు ఆగిపోయింది. తర్వాత నన్ను కొన్నాళ్లు కాటారం వైపు ఇంకో పనికి పంపారు. అలా వరుసగా ఎన్నో శనివారాలు పోయాయి. అప్పటికి రజిత పదో తరగతిలోకి వచ్చింది. ఆ పాఠాలు కూడా వానలకు ముందే రికార్డు చేసి ఫోన్‌లో వేసి ఉంచాను. పబ్లిక్ పరీక్ష ముందుంది. ఒకటి రెండుసార్లు నర్సయ్యకు ఫోన్ చేస్తే, బాగానే ఉందని చెప్పాడు. ఆ మాట నాకు ధైర్యం ఇవ్వలేదు. నేర్చుకున్న బ్రెయిలీ కూడా మరిచిపోయి ఉంటుందనుకున్నాను. కాటారం పని ముగిశాక, మళ్లీ మొదటి చుక్క నుంచి మొదలు పెట్టాల్సి వస్తుందేమోనని బస్సులో మనసు గట్టి చేసుకుంటూ వెళ్లాను.

వెళ్లేసరికి రజిత గడప దగ్గర కూర్చుని ఉంది. నా చెప్పుల చప్పుడుకే గుర్తుపట్టి లేచింది. లోపలికి వెళ్లి మేకుకు వేలాడుతున్న ఒక సుతిలి తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది. దానికి కొన్ని ముడులు ఉన్నాయి. ఇదేంటి బిడ్డా అన్నాను.

“ఇవి నాకు తెల్వనియి మేడం. మొదటిది విద్యుత్తు పాఠంల నిరోధం. రెండోది బీజగణితంల ఒక లెక్క. మూడోది ఇంగ్లీషుది. ఇంతకుముందు తాడంత ముడులే ఉండె. గవన్ని ఇప్పుకున్న.”

నేను మంచం మీద కూర్చుండిపోయాను. నెమ్మదిగా ఒక్కొక్కటి అడిగాను. నేను రాని మొదటి వారం ఏడ్చిందట. రెండో వారం కోపం వచ్చిందట. మూడో వారం, ఆగిన చోటే కూర్చోవడం విసుగుపుట్టి, ఆ లెక్కను పక్కన పెట్టి ముందుకు పోయిందట. అయితే ఎక్కడ వదిలిందో మరిచిపోతానని భయం. రాసుకుంటే వెతుక్కోవడం కష్టం. అందుకని తాడుకు ముడి వేసింది. ఏ ముడి దేనిదో వరుస గుర్తుపెట్టుకుంది. ఆ ముడులు చేతికి తగులుతున్నప్పుడల్లా, వాటిని ఎవరు విప్పగలరా అని ఆలోచించడం మొదలుపెట్టింది.

రక్తపోటు ముడిని ఊరి ఆశా వర్కర్ దగ్గర విప్పుకుంది. ఆమె పట్టీ చేతికి కట్టి, గాలి కొట్టి, వదిలి, ఎక్కడ చప్పుడు మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో చెవిలో గొట్టం పెట్టి వినిపించిందట. గేర్లు, వేగం ముడిని తండ్రి విప్పాడు. గింజ మొలకెత్తడం సారవ్వకు అప్పజెప్పింది. ఎవరూ విప్పలేని వాటిని మరోసారి మొదటి నుంచి విన్నది. అలా కొన్ని తమంతట తామే ఊడిపోయాయని చెప్పింది. ఎవరికీ తెలియనివి, మళ్లీ విన్నా లొంగనివి నాకోసం ఉంచింది.

“అందరికి అన్ని తెల్వయి మేడం. గని ఒక్కొక్కలకు ఒక్కొక్కటి తెలుస్తది. గది ముందుగాల తెల్సుకుంటె అయిపాయె.”

మా శిక్షణల్లో ఒక మాట చెబుతారు. ప్రాంప్ట్ ఫేడింగ్. బిడ్డకు మొదట చేయి పట్టి నేర్పి, తర్వాత వేలు మాత్రం ఆనించి, ఆ తర్వాత మాటతో చెప్పి, చివరకు ఏమీ చెప్పకుండా పక్కన ఉండడం. సాయాన్ని కొద్దికొద్దిగా సన్నగిల్లేలా చేయడం అన్నమాట. పుస్తకంలో దాన్ని టీచరు చేస్తుంది. ఆ ఇంట్లో వాన చేసింది. మిగిలింది ఆ బిడ్డ చేసింది. నేను చేతిలో ఆ తాడు పట్టుకుని, నా ఇరవై ఏళ్ల పనిలో ఏ పిల్లా నాతో ఇంత కచ్చితంగా తనకేం తెలియదో చెప్పలేదని అనుకున్నాను. పిల్లలు సాధారణంగా “అర్థం కాలేదు” అంటారు. ఏది అని అడిగితే “మొత్తం” అంటారు. తెలియనిదాన్ని తెలిసినదాని నుంచి విడదీయడమే సగం చదువు.

ఆ రోజు నుంచి నా శనివారం మారింది. నేను పాఠం చెప్పడం మానేశాను. వెళ్లగానే తాడు అడిగేదాన్ని. మిగిలిన ముడుల గురించే మాట్లాడుకునేవాళ్లం. అదీ నేను విప్పేదాన్ని కాదు, ఎక్కడ పట్టి లాగాలో చెప్పేదాన్ని.

ఆమె అలవాట్లు ఒక్కొక్కటీ నాకు అప్పుడే తెలిసొచ్చాయి. పొద్దుగూకాక ఫోను ఇంటికి రాగానే పాఠం కొంచెం విని ఆపేసేది. ఆపి, తర్వాత ఏం చెప్పబోతున్నారో ముందే ఊహించి పైకి అనేది. తర్వాత విని, తన ఊహ ఎక్కడ తప్పిందో చూసుకునేది. పొద్దున్న ఫోను వెళ్లిపోయాక, విన్నది సారవ్వకు చెప్పేది. సారవ్వకు చదువు రాదు. పల్లికాయలు ఒలుస్తూ వినేది. అర్థమైతే ఊఁ కొట్టేది, కాకపోతే చేతిలో పని ఆపేది. చప్పుడు ఆగిందంటే తాను సరిగ్గా చెప్పలేదని రజితకు గుర్తు. ఒకసారి నేనక్కడ ఉండగానే ఆ ముసలమ్మ పని ఆపి, “నువ్వు అన్న మాటనే మల్లమల్ల అంటున్నవ్. నీకే తెల్వనట్టున్నది” అన్నది. రజిత “అవునవ్వా” అని లేచి వెళ్లి తాడుకు ఒక ముడి వేసింది. పెద్దవాళ్లం ఎంతమందిమి అలా లేచి వెళ్లగలం?

ఇక కన్ను పాఠం దగ్గరికి వస్తాను. పదో తరగతి భౌతికశాస్త్రంలో మానవుని కన్ను గురించి ఒక పాఠం ఉంటుంది. దాన్ని రికార్డైతే చేశాను కానీ, చూపు పోయిన పిల్లకు వినిపించడానికి మనసొప్పలేదు. దాన్ని పక్కన పెడదామనుకుని ఫోన్‌లో వేయలేదు. బొమ్మలు లేకపోయినా, ఆ పాఠం వదిలేసినా పాసవుతుందని బడిలో సైన్స్ సారు కూడా మంచి మనసుతోనే అన్నారు. చూపు లేని పిల్లలకు పరీక్షలో కొన్ని వెసులుబాట్లు ఉంటాయి. వాటిని వాడుకోవడంలో తప్పు లేదు. రజిత మాత్రం పాఠాల వరుస లెక్కపెట్టి, మధ్యలో ఒకటి లేదని పట్టుకుంది. ఎందుకు వేయలేదని అడిగింది. అది కన్ను పాఠమని, పరీక్షకు అక్కర్లేదని చెప్పాను.

“అందరు వాళ్ల కండ్ల గురించి సదువుతరు. నాకే సదువొద్దా మేడం? నా కండ్లల్ల ఏమైందో నేను తెల్సుకోవద్దా?”

ఆ సాయంత్రమే పాఠం వేశాను.

తర్వాతి శనివారం వెళ్లేసరికి ఇంట్లో ఒక కన్ను తయారై ఉంది. జొన్నపిండి ముద్దతో గుండ్రటి గుల్ల, ఒక పక్క తెరిచి పెట్టింది. ముందు భాగంలో కటకంగా, రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉండే పెద్ద చిక్కుడు గింజ. లోపల వెనుక గోడకు తడిగుడ్డ పేలిక అతికించింది. అది బొమ్మ పడే తెర, రెటీనా. ఆ తెర వెనుక నుంచి దారాలన్నీ ఒక్కచోట చేరి, తాడులా పేనుకుని బయటికి వచ్చాయి. అది మెదడుకు పోయే నరం.

పక్కనే ఒక అట్ట. మొనలు విరిచిన తుమ్మముళ్లు దాని మీద గుచ్చి, వాటికి దారాలు కట్టింది. వెలుగు కిరణాలు అవి. అడ్డంగా వచ్చిన దారం కటకం దాటగానే కిందికి వంగింది. నడుమ నుంచి వచ్చిన దారం వంగకుండా పోయింది. రెండూ ఒకచోట కలిశాయి. నేను వేలితో వాటి వెంట వెళ్లాను. ఎక్కడా తప్పు లేదు. నేను కళ్లున్నదాన్ని, ఆ బొమ్మను పుస్తకంలో ఎన్నోసార్లు చూసినదాన్ని. కిరణం వంగడం అంటే ఏమిటో ఆ రోజు నా వేలికి తెలిసింది.

రజిత సారవ్వకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. ముసలమ్మ చేయి పట్టుకుని ముందు నుంచి వెనుకకు తిప్పింది. వెలుగు ఇక్కడ నుంచి వస్తుంది, ఇక్కడ వంగుతుంది, వెనుక గోడ మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది, దారాలు దాన్ని మోసుకుపోతే మెదడు నిలబెట్టి చూస్తుంది. చెబుతూ చెబుతూ ఆ దారాల పేట దగ్గరికి వచ్చి ఆగింది. తర్వాత చాలా మామూలుగా, వేరే ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది.

“నాయి గియ్యే ఎండిపోయినయి అవ్వా. కండ్లు మంచిగనే ఉన్నయి. ఇప్పుడు గూడ నువ్వు నా ముంగట కూసుంటె, నీ బొమ్మ నా కంట్ల పడుతనే ఉంటది. మోసుకపోయేటియే లెవ్వు.”

సారవ్వ చేతిలో పల్లికాయలు లేవు ఆ రోజు. అయినా ఇల్లంతా చప్పుడు ఆగినట్టయింది. కూలి నుంచి అప్పుడే వచ్చిన రమ గడపలో నిలబడి అంతా విన్నది. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో ఊళ్లోనే మందులిప్పించామని, బిడ్డ కళ్లు తానే పాడు చేశానని ఆమె లోలోపల కుమిలిపోతోందని నాకు తెలుసు. ఆమె మెల్లగా వచ్చి కూతురి ముందు కూర్చుంది.

“అయితె నేను నీ కంట్ల పడుతున్ననా బిడ్డా?” అని అడిగింది.

“పడుతున్నవమ్మా. తలకిందులు,” అన్నది రజిత.

ముగ్గురూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నా పని నేర్పడం అనుకుంటూ వచ్చాను. ఆ ఇంట్లో నేను చేసిందల్లా ఒక పాఠం ఫోన్‌లో వేయడం. దాన్ని పట్టుకుని ఒక పిల్ల తన చీకటి ఎక్కడ మొదలైందో వేలితో తడిమి చూసుకుంది. ఆ చీకటిలోనే అమ్మకు ఒక బొమ్మ చూపించింది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. చూపు లేని పిల్లలు చెబుతుంటే రాసేందుకు కింది తరగతి విద్యార్థిని ఇస్తారు. స్క్రైబ్ అంటారు. ఊరి బడిలో తొమ్మిదో తరగతి పిల్లను మాట్లాడి, సెలవు రోజుల్లో ఇద్దరితో సాధన చేయించాను. మాటల జవాబులకు ఇబ్బంది లేదు. బొమ్మ వచ్చేసరికి ఆ పిల్లకు రజిత చెప్పేది అందేది కాదు. ఇంకో అమ్మాయి చేత ఒక గీతను మాటలతో గీయించడం ఎలా? నేనూ ఆలోచించాను, నాకు తోచలేదు. రజిత రెండు మూడు రోజులు ఆ ముడి మోసింది. తర్వాత ఒక రోజు ఆ పిల్లతో కాగితాన్ని గడియారం అనుకొమ్మని చెప్పింది. తొమ్మిది నుంచి మూడుకు అడ్డంగా ఒక గీత. దాని నడుమ, పన్నెండు నుంచి ఆరుకు, చిక్కుడు గింజలా ఒక కటకం. నేను అన్నం పళ్లెం కోసం చెప్పిన దారిని ఆమె కాగితం మీదికి తెచ్చుకుంది. ఒకచోట నేర్చుకున్నదాన్ని ఇంకోచోటికి మోసుకుపోవడం. దాన్ని నేర్పడానికి మా దగ్గర ఏ పరికరమూ లేదు.

ఫిజికల్ సైన్స్ పరీక్ష నాడు ఆ స్క్రైబ్ పిల్లకు జ్వరం. పొద్దున ఆ కబురు తెలియగానే పరీక్ష సెంటర్‌లో చెప్పాను. సెంటర్‌లో ఉన్నవాళ్లు అప్పటికప్పుడు వేరే బడి నుంచి అఖిల అనే అమ్మాయిని పిలిపించారు. ఆమె రజితను అంతకుముందు చూడలేదు. భయంతో పెన్ను గట్టిగా పట్టుకుని నిలబడింది. నేను లోపలికి వెళ్లడానికి లేదు. రజిత చేయి ఆమె భుజం మీద పెట్టించి వెనక్కి తిరిగాను.

నర్సయ్య ట్రాక్టర్ పని మాని వచ్చాడు. ఇద్దరం గేటు బయట నీడలో నిలబడ్డాం. ఆయన మాట్లాడే మనిషి కాదు. ఒకసారి మాత్రం, బిడ్డ ఓడిపోయినా ఏం కాదు మేడం, మళ్లీ రాస్తుంది అన్నాడు. నాకు చెబుతున్నాడో తనకు చెప్పుకుంటున్నాడో తెలియలేదు. గంట కొట్టారు. పిల్లలందరూ బయటికి వచ్చి వెళ్లిపోయారు. స్క్రైబ్‌తో రాసేవాళ్లకు అదనపు సమయం ఉంటుంది. ఖాళీ అయిన ఆవరణను చూస్తూ నిలబడ్డాం.

చివరికి ఇద్దరమ్మాయిలూ బయటికి వచ్చారు. ముందు అఖిల, ఆమె మోచేయి పట్టుకుని అర అడుగు వెనుక రజిత. అఖిల ముఖంలో ఉదయం ఉన్న భయం లేదు. ఏమైంది బిడ్డా అని అడిగాను. కన్ను ప్రశ్న రాలేదు, కుంభాకార కటకం బొమ్మ వచ్చిందని రజిత చెప్పింది. అఖిల ఆగలేక మధ్యలో అందుకుంది.

“నాకు గా పాఠం రాదు మేడం. మాకు ఇంక చెప్పలే. అక్క గడియారం లెక్క చెప్తుంటె ఊకె గీసుకుంట పోయిన. గీసినంక చూస్తె బొమ్మ వచ్చింది. ఎందుకు గట్లొచ్చిందో గూడ నాకు సమజైంది.”

నర్సయ్య ఆ పిల్ల తల మీద చేయి పెట్టాడు. పరీక్ష రాయడానికి వెళ్లిన బిడ్డ, తన పరీక్ష రాస్తూనే ఇంకో పిల్లకు ఒక పాఠం నేర్పి వచ్చింది.

ఫలితాలు వచ్చాయి. మంచి మార్కులతో పాసైంది, స్క్రైబ్, అదనపు సమయం తప్ప ఇంకే వెసులుబాటూ అవసరం పడలేదు. మహబూబాబాద్‌లో ఒక కాలేజీలో, లెక్కలు, ఎకనామిక్స్ ఉన్న గ్రూపే కావాలని పట్టుబట్టి చేరింది. లెక్కలు లేనిదైతే తేలిక కదా అని అక్కడ కొందరు నచ్చజెప్పబోయారట. తేలికదైతే తనంతట తానే చదువుకుంటానని, కష్టమైనదానికే కాలేజీ కావాలని అన్నదట. హాస్టల్‌లో ఉండసాగింది.

నాకు మనసు ఆగలేదు. కొత్త చోటు, కొత్త మెట్లు, తెలిసిన గొంతు ఒక్కటీ లేదు. కాలేజీ మొదలైన కొన్ని వారాలకు ఒక ఆదివారం జనగామలో రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాను. ఆమెకు ఎక్కడ ఇబ్బందిగా ఉందో చూసి, ఏమేం చేయాలో దారంతా ఆలోచించుకున్నాను.

రజిత హాస్టల్ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. చెవి దగ్గర, కాలేజీకని నర్సయ్య కొనిచ్చిన ఫోను. అందులో నుంచి ఏదో చప్పుడు వస్తోంది. పాడైపోయిన రేడియోలా, గింజలు రేకు మీద పోస్తున్నట్టు గరగరమంటోంది. అది స్క్రీన్ రీడర్. తెర మీద ఉన్న అక్షరాలను పైకి చదివే ఏర్పాటు. దాన్ని ఆమెకు నేను నేర్పలేదు. సెలవుల్లో తండ్రి ఫోన్‌లోనే తడుముకుంటూ, తప్పులు చేసుకుంటూ నేర్చుకుందట. ఇప్పుడు దాన్ని ఎంత వేగంలో పెట్టిందంటే, పక్కన కూర్చున్న నాకు ఒక్క మాట కూడా అందలేదు. అది తెలుగో ఇంగ్లీషో కూడా పట్టుకోలేకపోయాను. రజిత మాత్రం హాయిగా వింటోంది. ఒకచోట వేలితో ఆపి, ఏదో తనలో తాను అనుకుని, మళ్లీ నడిపించింది. ఇంకోచోట ఫక్కున నవ్వింది.

ఏమిటది అని అడిగాను. ఎకనామిక్స్ పుస్తకమట. అందులో నవ్వేంత ఏముందో నాకు తెలియలేదు. ఈ వేగంలో ఎలా అర్థమవుతోంది బిడ్డా అన్నాను. మెల్లగా పెడితే నిద్ర వస్తోందని, రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ వచ్చానని చెప్పింది. మొదట్లో అసలు అందేది కాదట. అందనప్పుడే వినాలి మేడం, అందినంక వినేదేముంది అన్నది.

వెంట తెచ్చుకున్న సలహాలన్నీ నాలోనే ఉండిపోయాయి. ఒక బిడ్డకు నేర్పడం అంటే, ఆమె మనకు అందనంత దూరం వెళ్లేదాకా దారికి అడ్డం రాకుండా ఉండడం. నా వృత్తి నాకు నేర్పిన పాఠం ఇంతే, అదీ రజితను చూసే. తెలియనిదాన్ని తానే గుర్తించి, తెలిసినవాళ్లను తానే వెతుక్కుని, తన తప్పును తానే వినగలిగే పిల్లకు టీచరు అవసరం తీరిపోదు. కానీ ఆ టీచరు ఎవరో, ఎప్పుడు రావాలో ఆ పిల్లే నిర్ణయించుకుంటుంది.

నాకు ఒక్క మాటా అందడం లేదని ఆమెకు ఎలాగో తెలిసింది. వేలితో తెర మీద ఏదో జరిపింది. ఆ గరగర మెల్లమెల్లగా విడిపోయి, మాటలుగా, తర్వాత స్పష్టమైన తెలుగుగా మారింది.

“మీకోసం మెల్లగ పెట్టిన మేడం,” అన్నది రజిత. “ఇప్పుడు అందుతున్నదా?”